నార్వల్ ఏమంటున్నాడు?

ఆ ఆగస్టులో మా రేవులో పొద్దున్నే ఎవరికి ఎవరు ఎదురైనా మొదటి మాట "బాగున్నావా" కాదు. "నార్వల్ ఏమంటున్నాడు?" అనే. నార్వల్ పోయి అప్పటికే ఏడేళ్ళు. వాళ్ళు అడిగేది మనిషి గురించి కాదు, బోయా గురించి. ఏటి మొగ దాటి సముద్రంలో ఇరవై మైళ్ళు పడమటికి వెళ్తే అది కనిపిస్తుంది. లంగరు గొలుసు మీద తేలుతూ, ఒళ్ళంతా పసుపు రంగు, నెత్తిన ఏంటెన్నా. అల ఎంత ఎత్తు లేస్తోంది, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు, గాలి ఎటునుంచి, నీళ్ళు ఎంత వెచ్చన, అన్నీ కొలిచి గంటకోసారి ఒడ్డుకి పంపుతుంది. యూనివర్సిటీ వాళ్ళు దానికి ఏదో అయిదంకెల నంబరు ఇచ్చారు. మా టిల్సన్ రేవులో ఆ నంబరు ఒక్కరికీ గుర్తులేదు.

నార్వల్ మా వదిన ఓపల్ మొగుడు. మా ఆయన హార్లన్‌కి బావ. ఒడ్డు నుంచి చూస్తే సముద్రం బుద్ధిగా ఉందనిపించిన ఒక ఉదయం పడవ తీశాడు. సముద్రం లోపలినుంచి ఏం వస్తోందో చెప్పేవాళ్ళు లేరు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరే పడవ బోల్తాపడింది. తర్వాత నేనూ వదినా ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చందాల కోసం కాల్చి అమ్మిన ఆపిల్ పై రొట్టెలకి లెక్కలేదు. మా ఒరెగాన్ రాష్ట్రపు తీరమంతా పైకీ కిందకీ బోయాలున్నాయి, మా మొగకి ఎదురుగా మాత్రం లేదు. "ఆ బోయా ఒకటి ఉంటే మా బావ బతికేవాడు" అని నిండు సభలో లేచి చెప్పింది హార్లనే. చెబుతూ ఏడ్చాడు. రుమాలు అందించింది నేనే. నాలుగేళ్ళకి బోయా వచ్చింది. ఓడ మీదికి ఎక్కించే ముందు వదిన దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి, "ఇక మాట్లాడు" అంది. ఆ రోజు నుంచీ దాని పేరు నార్వల్.

నేను రేవులో ఎర, మంచు, డీజిల్ అమ్మే కొట్టు నడుపుతాను. కొట్టు బయట ఒక నల్ల పలక ఉంది. తెల్లవారగానే నార్వల్ చెప్పింది దాని మీద సుద్దతో రాయడం నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్ళెవరూ పొట్టకూటికి వేటాడేవాళ్ళు కారు. వారమంతా పళ్ళు పీకేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, స్కూలు బస్సులు నడిపి రిటైరైనవాళ్ళు. శనివారం వచ్చిందంటే చాలు, టోపీ పెట్టుకుని నావికాదళాధిపతులైపోతారు. సముద్రం వాళ్ళకి సరదా. సరదాకి వెళ్ళినవాడినీ పని మీద వెళ్ళినవాడినీ అల వేరుచేసి చూడదు కాబట్టి వాళ్ళకి ఒక సామెత నూరిపోశాం: "రెట్టింపైతే పద, సమానమైతే పడుకో." అడుగులకి సెకన్లు రెట్టింపు ఉండాలి. ఆరడుగుల అల పన్నెండు సెకన్లకి ఒకటి వస్తే పడవ ఉయ్యాల. అదే ఆరడుగులు ఆరేడు సెకన్లకి ఒకటి వస్తే గోడ వెనక గోడ, ఒకటి దిగేలోగా ఇంకోటి నెత్తిమీద పడుతుంది. ఫోన్లో వాతావరణం వాళ్ళ అంచనాలు చూసినవాడు కూడా, లంగరు తీసేముందు నా పలక దగ్గరికి వచ్చి ఒకసారి నిలబడి వెళ్ళేవాడు.

ఆగస్టు మొదట్లో నీళ్ళు వెచ్చబడి ట్యూనా చేప దిగింది. ట్యూనాతోపాటే పోటీ. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు దాకా ఎవరి పడవకి ఎక్కువ బరువు చేప పడితే వాళ్ళకి ఒక నీలం కోటు, వీపు మీద ట్యూనా బొమ్మ. ఆ కోటు విలువ అడక్కండి. దానికోసం మా ఆయన పదకొండేళ్ళుగా కొట్టుకుంటున్నాడు. ప్రతి ఏడూ రెండోవాడు. మొదటివాడు పళ్ళ డాక్టరు ప్రెస్కాట్, లోపలి ఊరినుంచి ట్రక్కు వెనక పడవ కట్టుకుని వస్తాడు. ఆ కోటు వేసుకుని నా కొట్టుకి వచ్చి ఐసు కొనేవాడు, ఎండలో.

"చెమట పట్టడం లేదా డాక్టర్?" అనేవాడు హార్లన్.

"పడుతోంది. అయినా తియ్యబుద్ధి కావట్లేదోయ్."

హార్లన్ పడవ పేరు 'రెండో పెళ్ళాం'. ఆ పేరు పెట్టి తనే పదిమందికీ చెప్పి నవ్వుకున్నాడు. నేను దాన్ని సవతి అనేదాన్ని. సవతికి కొన్నన్ని రంగులు నాకెప్పుడూ కొనలేదు. అలాగని బాధ లేదు, అప్పట్లో.

ఒక మంగళవారం నార్వల్ మూగబోయాడు. కొట్టులోని కంప్యూటర్ తెరమీద అంకెలు ఉండాల్సిన చోట గీతలు. యూనివర్సిటీలో బోయాల సంగతి చూసే మరికోకి ఫోన్ చేశాను. వయసులో చిన్నది, ఏ ప్రశ్న వేసినా విసుక్కోదు. అలల గురించి నాకు తెలిసిందంతా ఆమె పెట్టిన భిక్షే.

"ఏంటెన్నా పోయినట్టుంది వెల్మా. గాలికో, పక్షులకో. ఓడ సెప్టెంబరులోగానీ దొరకదు" అంది.

"ఈలోగా ట్యూనా అయిపోతుంది. వీళ్ళు గుడ్డిగా వెళ్తారు."

"మీ గుట్ట మీదనుంచి చూస్తే అడుగులు కొంత తెలుస్తాయి. కానీ ఒడ్డుకి వచ్చేసరికి ఎత్తు మారిపోతుంది. మారనిది సెకన్లే. ఇరవై మైళ్ళ అవతల పన్నెండు సెకన్ల అల నీ కాళ్ళ దగ్గరా పన్నెండే."

ఆ మాట అప్పుడు ఒక చెవిన వేసుకున్నాను. ఎందుకంటే ఆ సాయంత్రమే నా బాధకి మందు ఇంట్లోనే దొరికింది.

"దానికింత దిగులెందుకు?" అన్నాడు హార్లన్, చారులో రొట్టె ముంచుకుంటూ. "ఎలాగూ అందరికన్నా ముందు నేనే వెళ్తాను. అక్కడ నిలబడి చూసి రేడియోలో చెప్తాను, నువ్వు రాయి. ఈ నెల్లాళ్ళూ నేనే నీ బోయాని."

ముప్ఫయ్యేళ్ళుగా సముద్రం చూసిన మనిషి. కంటితో చూసి చెప్పగలడు. నాకు ముద్దొచ్చాడు, అబద్ధం ఎందుకు. మర్నాటినుంచి పలక మీద నార్వల్ పేరు కొట్టేసి, కింద 'హార్లన్ మాట' అని రాశాను.

"వెల్మా, వింటున్నావా? ఆరడుగులు, ఏడు సెకన్లు. గాలి వాయవ్యం."

"ఆరు, ఏడు. రాశాను. జాగ్రత్త."

"మన పడవ పెద్దది, ఆగుతుంది. చిన్నవాళ్ళని మాత్రం రానివ్వకు."

చిన్నవాళ్ళని రానివ్వకు. ఆ మాటకి నా గుండె ఎంత నిండిందో చెప్పలేను. చిన్న పడవలవాళ్ళు పలక ముందు నిలబడి, తల గోక్కుని, ట్రక్కులు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మధ్యాహ్నానికి సవతి నిండా చేపలు వేసుకుని వచ్చేది. మర్నాడు ఏడు, ఏడు. ఆ మర్నాడు అయిదు, ఆరు. రెండు వారాలు అలాగే నడిచింది. మధ్యమధ్య ఒక మంచిరోజు వదిలేవాడు, వారం మధ్యలో, ఎవరూ సెలవు పెట్టలేని రోజు చూసి. ఇది నాకు తర్వాత తట్టింది.

మొదట సణిగింది వదినే. అరవై ఏళ్ళు దాటినా నార్వల్ వాడిన చిన్న అల్యూమినియం పడవని తనే నడుపుతుంది. ఆ పడవ బోల్తాపడి రాళ్ళకి కొట్టుకుంటే, సొట్టలు తీయించి మళ్ళీ నీళ్ళలో దింపిన మనిషి. కొట్టు ముందు బెంచీ మీద కూచుని కాఫీ తాగుతూ అంది:

"వెల్మా, నీ పలక పిరికిదైపోయిందే."

"పలకేం చేస్తుంది వదినా. నీ తమ్ముడు కళ్ళారా చూసి చెప్పిందే రాస్తున్నాను."

"వాడికి చిన్నప్పుడు కుక్కంటే భయం. ముసలితనంలో సముద్రమంటే పట్టుకుందేమో."

"భయమైతే రోజూ ఎందుకు వెళ్తాడు?"

"అదే నేనూ అడుగుతున్నాను" అంది, కప్పులో అడుగు చూసుకుంటూ.

తర్వాతి ఆదివారం పలక మీద ఆరు, ఏడు. డాక్టరు ప్రెస్కాట్ దాన్ని చూసి, సంచీ సర్దుకుని, "మీ ఆయన పడవ ఆగే సముద్రంలో నా పడవా ఆగుతుంది" అని బయలుదేరాడు. వెనకే ఇంకో మూడు పడవలు. దక్షిణానికి వెళ్ళి చేపలు పట్టుకుని సాయంత్రం నవ్వుకుంటూ వచ్చారు.

"వెల్మా, కంచంలో పాలు పోసినట్టుంది సముద్రం. మీ హార్లన్‌కి కళ్ళజోడు మార్పించు."

"మీరు వెళ్ళింది దక్షిణం కదా, అక్కడ వేరేమో" అన్నాను. మొగుణ్ణి వెనకేసుకొచ్చాను. రేవంతా విన్నది. ఆ వారంలోనే ఎవరో పలక మీద నేను రాసిన ఏడు కొట్టేసి, పక్కన పన్నెండు అని రాసి, కింద 'హార్లన్ ఏడు ఊరందరి పన్నెండు' అని చేర్చారు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేను తడిగుడ్డతో తుడిచేశాను. ఒళ్ళు మండిపోయింది, రాసినవాళ్ళ మీద.

ఆగస్టు ఆఖరి గురువారం పొద్దున రేడియోలో హార్లన్ గొంతు కొంచెం తేడాగా ఉంది. "ఏడడుగులు, ఎనిమిది సెకన్లు. వెల్మా, ఇది నిజంగా బాగాలేదు. నేనే వెనక్కి వస్తున్నాను."

'నిజంగా' అన్నాడు. ఆ మాట ఎందుకు పడిందో ఆ నిమిషాన నేను ఆలోచించలేదు. ఏడు, ఎనిమిది అని రాశాను. వదిన వచ్చి చూసి, ఎర బాల్చీ తీసుకుంది.

"వదినా, ఈరోజు వద్దు. నీ తమ్ముడి గొంతు వింటే నాకేం బాగా అనిపించలేదు."

"వాడి ఎనిమిదికి అర్థం పద్నాలుగు. పదిహేను రోజులుగా మొగుడి పడవ తాడుకి కట్టేసి ఉంది వెల్మా. నేను వెళ్తున్నాను."

చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతూ విడిపించుకుంది. అప్పుడు ఆటు సమయం, సముద్రం వెనక్కి తీస్తుంటే ఏరు బయటికి దూకుతోంది. ఎదురుగా వచ్చే పొట్టి అలలు ఏటి నీటిని గుద్ది నిటారుగా లేస్తున్నాయి. వదిన పడవ మొదటి అల ఎక్కింది, రెండోది ఎక్కింది. మూడోది రెండోదాని వెనకే ఉంది. కోస్ట్ గార్డ్ పడవ అక్కడే కాపలా ఉండబట్టి మనిషి దక్కింది. తుంటి ఎముక విరిగింది. నార్వల్ పడవ ఈసారి పైకి రాలేదు.

ఆసుపత్రిలో హార్లన్ అక్కగారి మంచం పక్కన నిలబడి గదమాయించాడు. "పలక మీద రాసి ఉందా లేదా? నేను చెప్పానా లేదా? బావ పోయింది చాలలేదా నీకు?"

వదిన మొహం గోడకి తిప్పుకుంది. "తప్పు నాదే. ఇంక అరవకు" అంది.

నేనేం చేశాను? మా ఆయన భుజం మీద చెయ్యి వేశాను. పాపం, ఎంత హడలిపోయాడో అనుకున్నాను.

రెండు రోజులకి శనివారం, పోటీకి ఆఖరి వారాంతం. హార్లన్ వెళ్తాడని నేను అనుకోలేదు. చీకటితోనే లేచి బూట్లు వేసుకుంటుంటే అడిగాను. "అక్క అక్కడ ఉంటే ఇంట్లో కూచుని నేను చేసేదేముంది? అందరూ పలక కోసం చూస్తుంటారు కదా" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. కొట్టు తెరిచి కూచోలేకపోయాను. చేతి రేడియో తీసుకుని మొగ పక్కన సముద్రంలోకి కట్టిన రాళ్ళకట్ట దగ్గరున్న గుట్ట ఎక్కాను. నార్వల్ పోయిన రోజునుంచీ మనసు బాగాలేకపోతే అక్కడికే వెళ్తాను.

గాలి లేదు. అలలు పొడుగ్గా, తీరిగ్గా వచ్చి కట్ట కొసన విరుగుతున్నాయి. రేడియో గరగరలాడింది.

"వెల్మా, వింటున్నావా? ఆరడుగులు, ఏడు సెకన్లు. చిన్నవాళ్ళని రానివ్వకు."

"ఆరు, ఏడు" అన్నాను అలవాటుగా.

ఎదురుగా ఒక అల కట్ట కొసన విరిగింది. ఎందుకో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర ఏమీ రాలేదు. ఎనిమిది, తొమ్మిది. సముద్రం ఖాళీగా ఉంది. పదమూడు దగ్గర తర్వాతి అల విరిగింది. మనసులో తొందరపడ్డానేమో అని చేతి గడియారం చూస్తూ మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడు. మళ్ళీ పదమూడు. ఫోన్లో మరికో అన్న మాట అప్పుడు చెవిలో మోగింది: ఎత్తు మారుతుంది, సెకన్లు మారవు.

అడుగుల విషయంలో హార్లన్ ఏ రోజూ అబద్ధం చెప్పలేదు. గుట్టెక్కి ఎవడైనా చూస్తే దొరికిపోతాడు కదా. సెకన్లు ఎవడు నిలబడి లెక్కపెడతాడు? సెకన్లు కోశాడు, చేప మొప్పలు కోసినంత తేలిగ్గా. కోసిన ప్రతిదీ నా చేత్తో, నా సుద్దతో పలక మీద రాయించాడు.

గుట్ట దిగి వచ్చాను. పలక ముందు ఇరవై ముప్ఫైమంది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆరు అని రాశాను. పక్కన పదమూడు అని రాశాను. 'హార్లన్ మాట' తుడిచేసి 'గుట్ట మీదనుంచి, వెల్మా' అని రాశాను.

"రేడియోలో ఏడన్నాడు కదా. మేమూ విన్నాం" అన్నాడు ప్రెస్కాట్.

"నేను లెక్కపెట్టాను. పదమూడు."

నా మొహం చూసి పడవ వైపు నడిచాడు. కాసేపటికి రేవు ఖాళీ అయిపోయింది, పడవలన్నీ బారుగా మొగ దాటాయి. నేను కొట్టులో కూచుని రేడియో వింటున్నాను. కోటు కోసమే అయి ఉంటుంది, వెర్రి మనిషి, అని సర్దిచెప్పుకోవడం కూడా మొదలుపెట్టాను. ముప్ఫయ్యేళ్ళ అలవాటు అంత తొందరగా వదులుతుందా?

ప్రెస్కాట్ గొంతు వచ్చింది. అందరూ వినే చానెల్లోనే. ఎగతాళి లేదు ఆ గొంతులో.

"వెల్మా, నార్వల్ దగ్గరున్నాం."

"చెప్పండి."

"హార్లన్ పడవ దానికి కట్టేసి ఉంది. తాడు గొలుసుకి చుట్టుకుపోయింది, కత్తితో కోస్తున్నాడు. ఏంటెన్నా విరిగి పక్కకి వేలాడుతోంది. కింద చేపలు తెట్టెలా ఉన్నాయి. క్షమించు. నీకు ఎవరో ఒకరు చెప్పాలి కదా."

తేలే వస్తువు నీడన చేపలు చేరతాయని మాలో తెలియనివాడు లేడు. బోయాకి పడవ కట్టకూడదనీ తెలుసు. గుంజితే లోపలి పనిముట్లు పోతాయి. నార్వల్‌ని మూగవాణ్ణి చేసింది గాలీ కాదు, పక్షులూ కాదు. బావ మెడకి తాడు వేసి, గొంతు విరిచి, ఆ సాయంత్రమే నా ఎదురుగా కూచుని చారులో రొట్టె ముంచుకుంటూ "నేనే నీ బోయాని" అన్నాడు. ఏడ్చానని చెప్పాలనుంది గాని ఏడుపు రాలేదు. ఐసు కొనడానికి వచ్చినావిడకి ఐసు ఇచ్చాను.

చీకటి పడకముందే ఇంటికి వచ్చాడు. అరచేతులు తాడుకి కోసుకుపోయి ఉన్నాయి.

"మొదట ఒక్క గంటే అనుకున్నాను. పడవ అలకి తిరిగి దానికి తగిలింది. విరిగిపోతుందనుకోలేదు" అన్నాడు.

"తర్వాత?"

"తర్వాత అందరూ వస్తే చూస్తారు కదా."

"మీ అక్క."

"అక్క వెళ్తుందని నేను కలగన్నానా? ఆ రోజు నేను నిజమే చెప్పాను వెల్మా. ఏడు, ఎనిమిది. అక్షరాలా నిజం. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"తెలుసు."

"మరి?"

ఆ 'మరి' నిజంగానే అడిగాడు. అతనికి అర్థం కాలేదు. కోపం కంటే ముందు నాకు భయం వేసింది, ఇన్నేళ్ళూ ఎవరి పక్కన పడుకున్నానా అని.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి వదినకి చెప్పాను. రేవులో ఎవరి నోటినుంచో వినేకంటే నా నోటినుంచి వినడం నయం. తాడు సంగతి దాకా అన్నీ చెప్పాను. పైకప్పు చూస్తూ విన్నది.

"అంటే ఆ రోజు ఎనిమిది ఎనిమిదేనన్నమాట" అంది.

"అవును వదినా."

"నువ్వు చెయ్యి పట్టుకున్నావు."

"అవును."

"తప్పు నాదేనని వాడి ముందు ఒప్పుకున్నానే వెల్మా" అంది. అప్పుడు ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

కోటు ప్రెస్కాట్‌కే ఇచ్చారు. సెప్టెంబరులో మరికోయే ఓడ మీద వెళ్ళి కొత్త ఏంటెన్నా బిగించింది, గొలుసుకి చుట్టుకున్న మా తాడు విప్పుకొచ్చింది. అంకెలు మళ్ళీ వస్తున్నాయి. వదిన కర్రతో నడుస్తోంది, మా గడప మాత్రం తొక్కదు. రేవులో హార్లన్‌తో మాట్లాడేవాళ్ళు తగ్గారు. నేను అతన్ని వదిలెయ్యలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే బల్ల దగ్గర తింటున్నాం. మాటామంతీ జరుగుతూనే ఉంటుంది.

మా వైపు ఏడాదిలో సగం రోజులు వానే. హార్లన్ వాకిట్లోంచి లోపలికి వచ్చి, తడిసిన టోపీ దులుపుతూ, "బయట వాన పడుతోంది" అంటాడు. నేను "అలాగా" అని లేచి, కిటికీ దాకా వెళ్ళి చూసి వస్తాను.